పలక సముద్రం దాటింది, కూలి ఎక్కడ ఆగింది?

ఈ దేశంలో కోట్లమంది పిల్లలు మొదటి అక్షరం దిద్దింది పలక మీదే. ఆ పలకల్లో ఎన్నో మన మార్కాపురం నేలలోంచి తవ్వినవే. తరవాత కాగితం పుస్తకాలొచ్చినయ్, ప్లాస్టిక్ పలకలొచ్చినయ్. బడి పలక బేరం తగ్గింది. అదే రాయి టైలుగా మారింది. ఓడ ఎక్కింది. యూరపులో, అమెరికాలో ఇళ్ళ గోడలకూ, గచ్చులకూ అతుక్కుంది.

రాయి ఇంత దూరం పోయింది కదా, మరి ఆ రాయి తీసిన మనిషి ఎంత దూరం పోయాడు? ఇదీ మనం వేసుకోవాల్సిన ప్రశ్న.

ఈ ప్రశ్నకు రెండు రకాల జవాబులు వినపడతాయి. పట్నం పెద్దమనుషులు ఏమంటారంటే: "1991లో తలుపులు తీశాం, ఎగుమతులు పెరిగినయ్, దేశం ఎదిగింది, ఆ ఎదుగుదల నెమ్మదిగా పల్లెకు దిగుతుంది." మీటింగుల్లో కొందరు మిత్రులు ఏమంటారంటే: "ప్రపంచీకరణ రాకముందు అంతా బాగానే ఉండేది, అది వచ్చి ముంచింది." రెండూ సగం మాటలే. తలుపులు మూసి ఉన్న రోజుల్లో మాత్రం మన వాడకు ఏం ఒరిగింది? తలుపులు తీసినాక ఒరిగింది కూడా కొద్దే. తలుపు తీశారా, మూశారా అన్నది ఒక్కటే అడిగితే సరిపోదు. తలుపు దగ్గర కూర్చున్నది ఎవరు అని కూడా అడగాలి.

పలక వెనక ఉన్న చేతులు

మార్కాపురం, గిద్దలూరు, కంభం ప్రాంతం 1970 దాకా కర్నూలు జిల్లాలో ఉండేది. ఆ ఏడాది ఒంగోలు జిల్లా కట్టినప్పుడు ఇటు వచ్చింది. దానికే తరవాత ప్రకాశం పేరు పెట్టారు. కృష్ణా కాలవ రాని మెట్ట ఇది. ఒకపక్క నల్లమల, ఇంకోపక్క ఫ్లోరైడు నీళ్ళు. కిందికి తవ్వితే పలకరాయి. భూగర్భ శాస్త్రవేత్తలు ఈ రాతిపొరలకు మన కంభం పేరే పెట్టుకున్నారు. ప్రపంచంలో రాళ్ళ గురించి చదివేవాళ్ళకు కంభం తెలుసు. కంభం కూలీ తెలియదు.

పలకరాయికి ఒక గుణముంది. పొరలు పొరలుగా విడుతుంది. గనిలో పైమట్టి తీసి, దిమ్మెలు లేపి, ఉలి పెట్టి సుత్తితో మెల్లగా కొడితే ఆకులాగా విచ్చుకుంటుంది. చెయ్యి తిరిగిన మనిషి కొడితేనే సరిగ్గా విడుతుంది, లేకపోతే పగిలిపోతుంది. తరవాత మిషను మీద అంచులు కోయాలి, రుద్దాలి, సైజులు ఏరాలి, పెట్టెల్లో సర్దాలి. ఇందులో సగం పని ఆడవాళ్ళదే. తీసిన రాయిలో పనికొచ్చేది కొంతే. మిగతాదంతా గుట్టలుగా ఊరి పక్కన పడి ఉంటుంది. కొండను తవ్వి ఎలుకను పట్టినట్టు అని సామెత. ఇక్కడ కొండ తవ్వేది ఒకడు, ఎలుకను పట్టుకుపోయేది ఇంకొకడు.

ఈ పనిలోకి దిగేది ఎవరు? భూమి లేనివాళ్ళు. ఎస్సీలు, బీసీలు, ముస్లిం పేదలు. ఉలి పట్టడం అన్నది గొప్ప నైపుణ్యం. అయినా దానికి "కూలి పని" అనే పేరే తప్ప "వృత్తి నిపుణుడు" అనే పేరు లేదు. చదువుకున్నోడు కాగితం మీద గీస్తే నైపుణ్యం, మనవాడు రాతి మీద గీస్తే కూలి.

1986లో బాలకార్మిక చట్టం వచ్చింది. 1987లో జాతీయ బాలకార్మిక విధానం వచ్చింది. దాని కింద దేశం మొత్తం మీద మొదట ఎంచుకున్న కొద్ది చోట్లలో మార్కాపురం ఒకటి. కారణం పలకల పరిశ్రమే. అదే జాబితాలో అగ్గిపెట్టెల శివకాశి ఉంది, మన రాష్ట్రంలో పెంకుల జగ్గంపేట ఉంది, మధ్యప్రదేశ్‌లో మందసౌర్ ఉంది. మందసౌర్‌లో ఏం చేస్తారనుకున్నారు? పలక బలపాలు. అంటే అక్కడ బలపం చేసే పిల్లలూ, ఇక్కడ పలక చేసే పిల్లలూ బడికి పోలేదు. ఊళ్ళో పిల్లలందరికీ పలకా బలపం ఇచ్చి, తాము మాత్రం నిరక్షరాస్యులుగా మిగిలారు. ఈ దేశంలో కులం ఎట్లా పనిచేస్తుందో చెప్పడానికి ఇంతకంటే వేరే పాఠం అక్కర్లేదు.

డాలరు లెక్క

ఇప్పుడు 1991 సంగతి. ఆ ఏడాది జులై 1న, మళ్ళీ 3న రూపాయి విలువ తగ్గించారు. అంతకుముందు డాలరుకు సుమారు 21 రూపాయలు. ఆ తరవాత సుమారు 26. లైసెన్సులు తగ్గించారు, దిగుమతి సుంకాలు కోయడం మొదలుపెట్టారు. 1995 జనవరి 1న ప్రపంచ వాణిజ్య సంస్థ పుట్టింది, మనం అందులో సభ్యులం.

మాట వరసకు ఒక లెక్క వేద్దాం. ఒక లోడు రాయి వెయ్యి డాలర్లకు అమ్ముడుపోయిందనుకోండి. జూన్‌లో అమ్మితే 21 వేలు. అదే రాయి, అదే ఉలి, అదే చెమట, జులైలో అమ్మితే 26 వేలు. రాత్రికి రాత్రే 5 వేలు పెరిగింది. ఎవడూ అదనంగా ఒక్క దెబ్బ కొట్టలేదు. మరి ఆ 5 వేలు ఎవరికి పోవాలి? డాలరు మారినట్టు రాత్రికి రాత్రే కూలి మారదు. కానీ డీజిలు మారింది, బస్సు చార్జీ మారింది, పప్పు ఉప్పు మారినయ్. డాలరు లిఫ్టులో ఎక్కితే, ధరలు మెట్ల మీద ఎక్కితే, కూలి కుంటుకుంటూ ఎక్కింది.

ఈ మాట ముందుగా చెప్పింది నేను కాదు. 1923లో బాబాసాహెబ్ అంబేద్కర్ లండనులో రూపాయి సమస్య మీద పుస్తకం అచ్చేశారు. ఆయన డి.ఎస్సీ. పట్టా కోసం చేసిన పని అది. రూపాయి విలువ పడితే ఎగుమతిదారుకు కలిసొస్తుంది నిజమే, కానీ ఆ లాభం ఆకాశం నుంచి ఊడిపడదు, ధరలంత వేగంగా కూలి పెరగదు కాబట్టి ఆ తేడా కూలివాడి దగ్గర్నుంచే వస్తుందని ఆయన వాదించారు. 1925లో కరెన్సీ మీద తెల్ల ప్రభుత్వం వేసిన హిల్టన్ యంగ్ కమిషను ముందు కూడా సాక్ష్యమిచ్చారు. అంబేద్కర్ అంటే రాజ్యాంగం, రిజర్వేషన్లు అనే తెలుసు మనకు. ఆయన రూపాయి లెక్క కట్టి కూలి పక్షాన మాట్లాడిన ఆర్థికవేత్త కూడా. ఆ పుస్తకం మార్కాపురం గనికి సరిగ్గా సరిపోతుంది. 2025 డిసెంబరులో డాలరు 90 రూపాయలు దాటింది. 1991 జూన్‌తో పోలిస్తే నాలుగింతలకు పైన. ప్రతి గని దగ్గరా, ప్రతి ఫ్యాక్టరీ దగ్గరా మనవాళ్ళు ఈ లెక్క వేసుకోవాలి: డాలరు నాలుగింతలైంది, బియ్యం ఎన్నింతలైంది, నా కూలి ఎన్నింతలైంది?

ఇంకో సంగతి. ఎగుమతి లాభం మీద ఆదాయపన్ను మినహాయింపు చాలా ఏళ్ళు ఉండేది. 80హెచ్‌హెచ్‌సి అని దానికి పేరు. 2000 తరవాత మెల్లగా తగ్గించి తీసేశారు. అన్నేళ్ళు సర్కారు వదులుకున్న పన్ను ఎవరిది? అందరిదీ. ఎగుమతి చేసే సేటుకు రాయితీ ఇచ్చేటప్పుడు "నీ దగ్గర పనిచేసేవాడికి పీఎఫ్ కట్టావా, దుమ్ముకు ఫ్యాను పెట్టావా" అని ఒక్క షరతు పెడితే ఏం పోయేది?

ఉత్పాదకత అంటే ఎవరి ఉత్పాదకత?

సరళీకరణ వల్ల మంచి జరగలేదని నేను అనను. ఇంగ్లండులో రికార్డో అనే ఆర్థికవేత్త 1817లోనే చెప్పాడు: ఎవరికి ఏది బాగా చేతనవుతుందో వాళ్ళు అది చేసి ఇచ్చిపుచ్చుకుంటే ఇద్దరికీ లాభమని. మనకు పలకరాయి ఉంది. అమ్ముకోవడం తప్పు కాదు. పెటియా టోపలోవా, అమిత్ ఖండేల్వాల్ అనే ఇద్దరు పరిశోధకులు మన దేశపు కంపెనీల లెక్కలు తీసి చూశారు. దిగుమతి సుంకాలు తగ్గినాక కంపెనీల ఉత్పాదకత పెరిగింది. ముడిసరుకూ, యంత్రాల భాగాలూ చౌకగా దొరకడం దానికి పెద్ద కారణం. ఒప్పుకుందాం. చేత్తో కోసేదానికీ, మిషను మీద కోసేదానికీ తేడా మనకు తెలియనిదా?

అయితే అదే టోపలోవా జిల్లాల వారీగా పేదరికం లెక్క కూడా చూశారు. 1990లో సగటున 80 శాతం దాకా ఉన్న సుంకాలు 1996 నాటికి 37 శాతానికి దిగినయ్. ఈ కోతల దెబ్బ ఎక్కువగా తగిలిన గ్రామీణ జిల్లాల్లో పేదరికం మిగతా చోట్ల తగ్గినంతగా తగ్గలేదు. పేదరికం పెరిగిందని కాదు. తగ్గాల్సినంత తగ్గలేదు. ఎందుకు? పుస్తకాల్లో ఏముంటుందంటే, ఒక పని పోతే మనిషి ఇంకో పనికి, ఇంకో ఊరికి పోతాడు, అట్లా సర్దుకుంటుంది అని. మన దేశంలో మనిషి అంత సులువుగా కదలడు. కదలనివ్వరు. భూమి లేదు, పూచీకత్తు లేదు, బ్యాంకు అప్పు లేదు, పట్నంలో ఇల్లు అద్దెకడిగితే కులం అడుగుతారు. వాణిజ్య సిద్ధాంతంలో మనిషికి కులం ఉండదు. మార్కాపురంలో ఉంటుంది.

ఇంకొక పరిశోధన మరీ ముఖ్యం. ఎరిక్ ఎడ్మండ్స్, నీనా పావ్‌సినిక్, టోపలోవా కలిసి 2010లో అచ్చేశారు. రక్షణ సుంకాలు ఎక్కువగా పోయిన జిల్లాల్లో పిల్లలు బడిలో చేరడం మిగతా చోట్ల పెరిగినంతగా పెరగలేదని తేల్చారు. ఇంట్లో ఆదాయం తగ్గితే మొదట తెగేది పిల్లాడి చదువు ఖర్చే. అంటే ఢిల్లీలో సుంకం మీద పెట్టిన సంతకానికీ, మన వాడలో ఆడపిల్ల బడి మానేయడానికీ మధ్య దారం ఉంది. కనపడదు, కానీ ఉంది.

దుమ్ము లెక్క ఎవరు రాస్తారు?

మిషను వచ్చింది. ఒక్కొక్కరి పని పెరిగింది. దానితోపాటు దుమ్మూ పెరిగింది. పలకరాయిలో సిలికా ఉంటుంది. పొడిగా కోస్తే ఆ సన్న దుమ్ము ఊపిరితిత్తుల్లో దిగుతుంది, అక్కడే గడ్డకడుతుంది. దాన్ని సిలికోసిస్ అంటారు. పోగొట్టే మందు లేదు. రాకుండా చూడటం ఒక్కటే దారి. నీళ్ళు పోస్తూ కోయాలి, దుమ్ము లాగే ఫ్యాన్లు పెట్టాలి, మంచి మాస్కులు ఇవ్వాలి. చాలాసార్లు టీబీ అని మందులిచ్చి పంపుతారు. సిలికోసిస్ ఉన్నోళ్ళకు టీబీ తొందరగా అంటుకుంటుంది కూడా. మందసౌర్ బలపం కార్మికుల ఊపిరితిత్తుల సంగతి అహ్మదాబాద్‌లోని జాతీయ వృత్తి ఆరోగ్య సంస్థ 1980లలోనే పరిశోధించి చెప్పింది. కొత్తగా కనిపెట్టాల్సింది ఏమీ లేదు.

ఎగుమతి ధరలో రాయి ఉంటుంది, కరెంటు ఉంటుంది, లారీ కిరాయి ఉంటుంది, చెన్నై రేవు ఖర్చు ఉంటుంది, సేటు లాభం ఉంటుంది. కూలివాడి ఊపిరితిత్తి ధర మాత్రం ఉండదు. అందుకే సరుకు చౌకగా కనపడుతుంది. ఆ చౌక ఎవరో కట్టిన బాకీ. దేశం ఎదుగుదల లెక్కలో ఎగుమతి జమ అవుతుంది. మంచాన పడ్డవాడి ఖర్చు మాత్రం ఇంటావిడ అప్పుల చీటీలో జమ అవుతుంది.

సిలికోసిస్ వస్తే సర్కారుకు తెలియజేయాల్సిన వృత్తి రోగమని 1948 ఫ్యాక్టరీల చట్టంలో ఉంది, 2025 నవంబరు 21న అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లోనూ ఉంది. రాజస్థాన్ రాష్ట్రం 2019లో ఒక విధానం తెచ్చింది. సిలికోసిస్ అని ధ్రువీకరించిన కార్మికుడికి 3 లక్షలు, చనిపోతే కుటుంబానికి 2 లక్షలు. అక్కడి రాతిపని కార్మికులు ఏళ్ళ తరబడి పోరాడితేనే అది వచ్చింది. ఎవరూ పిలిచి ఇవ్వలేదు.

బయటి బజారు తుమ్మితే

ఎగుమతి మీదే బతికితే ఇంకో చిక్కుంది. 2008లో అమెరికాలో ఇళ్ళ బజారు కూలింది. ఇల్లు కట్టేవాడు లేకపోతే గోడకు టైలు కొనేదెవరు? 2025 ఆగస్టులో అమెరికా మన దేశపు సరుకుల మీద సుంకాన్ని 50 శాతానికి ఎక్కించింది. వాళ్ళ రాజకీయం వాళ్ళది, దెబ్బ మాత్రం సముద్రం ఇవతల. అట్లాంటి కాలంలో సేటు సరుకు గోడౌనులో పెట్టుకుని ఆగగలడు. రోజుకూలీ ఏ గోడౌనులో ఆగుతాడు? గుంటూరు మిరపకాయ కోతలకో, హైదరాబాదు కట్టుబడి పనులకో మూట కట్టుకుని పోతాడు. లాభమొచ్చినప్పుడు వాటా లేదు, నష్టమొచ్చినప్పుడు మాత్రం మొదటి వాటా మనదే.

దిగుమతి వైపు కూడా చూద్దాం. ఈ మెట్టలో కంది ముఖ్యమైన పంట. 2015లో కందిపప్పు కిలో 200 రూపాయలు తాకింది. సర్కారు 2016లో మొజాంబిక్ దేశంతో కంది దిగుమతి ఒప్పందం చేసుకుంది. ఆ ఏడాది ఇక్కడా పంట విరగపండింది. బోనసుతో కలిపి క్వింటాలుకు 5,050 మద్దతు ధర అన్నారు, చాలా మార్కెట్లలో అంతకంటే కిందికి పడిపోయింది. 2017 ఆగస్టులో దిగుమతికి 2 లక్షల టన్నుల హద్దు పెట్టారు. 2021 మే నెలలో ఆ హద్దు తీసేశారు. ఇక్కడ మనం నిజాయితీగా ఆలోచించాలి. మన వాడలో కంది అమ్ముకునేవాళ్ళు కొద్దిమంది, కొనుక్కు తినేవాళ్ళు అందరూ. పప్పు చౌకైతే మనకూ మంచిదే. కానీ రైతు దెబ్బతింటే మొదట కోత పడేది కూలికి. కాబట్టి దిగుమతి వద్దు అని గానీ కావాలి అని గానీ ఒక్క మాటలో తేల్చడం మనకు కుదరదు. పంట చేతికొచ్చే నెలల్లో తలుపులు బార్లా తీయొద్దు, మద్దతు ధరకు కొనే కేంద్రం ఊరి దగ్గర పెట్టండి, కందిపప్పు రేషను షాపులో ఇవ్వండి. ఈ మూడూ కలిపి అడగాలి. అప్పుడే చిన్నరైతూ కూలీ ఇద్దరూ నిలబడతారు.

మనం అడగాల్సినవి

దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడంటారు. ప్రపంచ బజారు వరమిచ్చినా మధ్యలో గని లీజుదారుడు, ఫ్యాక్టరీ ఓనరు, ఏజెంటు, బ్యాంకు మేనేజరు అనే పూజారులు ఉన్నారు. గుడి తలుపు ఒక్కటే తెరిస్తే చాలదు, పూజారి పెత్తనం పోవాలి. సంఘాల్లో పనిచేసే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ ఈ నాలుగు పనులు పట్టుకోవాలి.

ఒకటి: కాగితం. కొత్త లేబర్ కోడ్ ప్రకారం ప్రతి కార్మికుడికీ నియామక పత్రం ఇవ్వాలి. ఆ కాగితం లేకపోతే పీఎఫ్ లేదు, ఈఎస్ఐ లేదు, జబ్బు చేస్తే "ఇతను మా దగ్గర పనిచేయలేదు" అంటారు. యాడ పనిచేశాడో, ఎన్నేళ్ళు చేశాడో మన సంఘమే ఒక రిజిస్టరు పెట్టి రాసుకోవాలి. ఆడవాళ్ళ పేర్లు విడిగా రాయాలి, ఎందుకంటే ఫ్యాక్టరీ పుస్తకంలో ముందు మాయమయ్యేది వాళ్ళే.

రెండు: ఊపిరి. పలక పని చేసినవాళ్ళందరికీ ఎక్స్‌రే క్యాంపు పెట్టాలి. టీబీ అన్న ప్రతి కార్మికుడినీ సిలికోసిస్‌కు కూడా చూడాలి. రాజస్థాన్ ఇచ్చినట్టు మన రాష్ట్రమూ ఇవ్వాలి.

మూడు: ఖనిజం డబ్బు. 2015లో గనుల చట్టం సవరించి జిల్లా ఖనిజ ఫౌండేషను పెట్టారు. అదే ఏడాది పలకరాయిని చిన్నతరహా ఖనిజాల జాబితాలో చేర్చారు, అంటే పెత్తనం రాష్ట్రానిది. గని దెబ్బ తిన్న ఊళ్ళలో తాగునీటికీ, ఆరోగ్యానికీ, చదువుకూ ముందు ఖర్చు పెట్టాలని ఆ ఫౌండేషను నియమాల్లో ఉంది. పలక ఊళ్ళ పేరున ఎంత వసూలైంది, ఎంత ఖర్చయింది, యాడ ఖర్చయింది? గ్రామసభలో అడగండి. చెప్పకపోతే సమాచార హక్కు కింద పది రూపాయలు కట్టి అడగండి.

నాలుగు: యాజమాన్యం. ఎంతకాలం కూలి పెంచమని అడుగుతాం? గని లీజులో మనకు వాటా కావాలి. 1995 పరస్పర సహాయ సహకార చట్టం కింద కార్మికులు సొంతంగా సంఘం పెట్టుకోవచ్చు. 2013లో వచ్చిన ఎస్సీ ఉపప్రణాళిక చట్టం డబ్బుతో ఆ సంఘాలకు నీళ్ళతో కోసే మిషన్లు ఇవ్వమందాం. రాష్ట్రంలో ప్రతి అంగన్‌వాడీకీ, ప్రతి సర్కారు బడికీ ఆ సంఘాల దగ్గరే పలకలు కొనమందాం. అమెరికా సుంకం వేస్తే ఆగిపోని బజారు అది. ఇంటి బజారు గట్టిగా ఉంటే బయటి బజారుతో తలెత్తి బేరమాడొచ్చు.

బాలకార్మిక ప్రాజెక్టు పథకాన్ని 2021లో సమగ్ర శిక్షలో కలిపేశారు. ఆ రోజుల్లో ఉలి పట్టిన పిల్లలు ఈ రోజు తల్లులు, తండ్రులు. కొందరు దగ్గుతున్నారు. వాళ్ళ పిల్లలు బడిలో ఉన్నారా, కాలేజీ దాకా పోయారా అన్నదే ఈ ముప్ఫయి అయిదేళ్ళ సరళీకరణకు మనం పెట్టే పరీక్ష. ఎగుమతి ఎన్ని కోట్లన్నది ఢిల్లీ లెక్క. ఆ పరీక్ష లెక్క మనది. ప్రతి వాడలో, ప్రతి గని దగ్గరా కూర్చుని ఆ లెక్క మనమే రాద్దాం. రాసింది పట్టుకుని కలెక్టరాఫీసుకు పోదాం.